17వ పాఠం: అండమాన్, నికోబార్ దీవులు – భౌగోళిక స్వరూపం, పరిపాలన

17.0 పరిచయం

వెనుకటి పాఠాలలో రాష్ట్రం అంటే ఏమిటో, కేంద్రపాలిత ప్రాంతం అంటే ఏమిటో చదివారు. ఈ పాఠంలో ఒక కేంద్రపాలిత ప్రాంతాన్ని దగ్గరగా చూద్దాం.

జిల్లా కార్యాలయంలో మీకు ఒక పని పడిందనుకోండి. ఉదయం బస్సు ఎక్కితే పని చూసుకుని సాయంత్రానికి ఇంటికి చేరుకుంటారు. గ్రేట్ నికోబార్ దీవిలో నివసించే మనిషికి రాజధానిలో పని పడితే 500 కి.మీ.కు పైగా సముద్రం దాటాలి. ఓడ ఎప్పుడు ఉంటే అప్పుడే ప్రయాణం. తుఫాను సూచన ఉంటే ఆ ఓడ కూడా కదలదు. జబ్బు చేసినా, కోర్టు పని పడినా, పిల్లవాణ్ణి కాలేజీలో చేర్చాలన్నా ఇదే పరిస్థితి.

కాబట్టి ఈ దీవులలో సముద్రం ఒక భౌగోళిక విషయం మాత్రమే కాదు, పరిపాలనకు సంబంధించిన విషయం కూడా. నేల స్వరూపం పాలన స్వరూపాన్ని ఎలా మలుస్తుందో, దూరంగా ఉన్న కొద్దిమంది ప్రజల మాట పాలకులకు ఏయే దారులలో చేరుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

17.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• అండమాన్, నికోబార్ దీవుల ఉనికిని, విస్తీర్ణాన్ని పటంలో గుర్తించగలుగుతారు.
• ఈ దీవులు ఏర్పడిన తీరును, వాటి శీతోష్ణస్థితిని, అడవులను వివరించగలుగుతారు.
• ఇక్కడి ఆదిమ తెగలను, వలస వచ్చిన ప్రజలను పేర్కొనగలుగుతారు.
• శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతంలో పాలన ఎలా జరుగుతుందో చెప్పగలుగుతారు.
• అభివృద్ధికి, ఆదిమ తెగల రక్షణకు మధ్య వచ్చే సమస్యలను రెండు వైపుల నుండి చర్చించగలుగుతారు.

17.2 ఉనికి, విస్తీర్ణం

భారతదేశ పటం తీసి ముందు పెట్టుకోండి. విశాఖపట్నం నుండి ఆగ్నేయ దిశగా బంగాళాఖాతంలోకి చూపు సాగించండి. సుమారు 1,200 కి.మీ. దూరంలో ఉత్తర దక్షిణాలుగా ఒక దండలా పరచుకున్న దీవులు కనిపిస్తాయి. ఇవి 6°45' నుండి 13°41' ఉత్తర అక్షాంశాల మధ్య, 92° నుండి 94° తూర్పు రేఖాంశాల మధ్య ఉన్నాయి. పై కొస నుండి కింది కొస వరకు పొడవు సుమారు 770 కి.మీ. ఇది దాదాపు శ్రీకాకుళం నుండి నెల్లూరు వరకు ఉన్న రోడ్డు దూరం అంత.

ఈ దండ రెండు భాగాలుగా ఉంది. ఉత్తరాన ఉన్నవి అండమాన్ దీవులు, దక్షిణాన ఉన్నవి నికోబార్ దీవులు. రెండింటినీ వేరుచేసేది సుమారు 150 కి.మీ. వెడల్పున్న పది డిగ్రీల చానల్. పది డిగ్రీల ఉత్తర అక్షాంశం దాని మీదుగా పోవడం వల్ల ఆ పేరు వచ్చింది.

చిన్న పెద్ద దీవులు, రాతి తిన్నెలు అన్నీ కలిపి 836 ఉన్నాయని ప్రభుత్వ లెక్క. అయితే ప్రజలు స్థిరంగా నివసించేవి వాటిలో ముప్పైకి పైగా మాత్రమే. మొత్తం విస్తీర్ణం 8,249 చ.కి.మీ. ఇందులో అండమాన్ భాగం 6,408, నికోబార్ భాగం 1,841 చ.కి.మీ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా 3,80,581.

ఈ అంకెలను మనకు తెలిసిన చోటుతో పోల్చి చూద్దాం. 2022లో జరిగిన జిల్లాల విభజనకు ముందున్న పశ్చిమ గోదావరి జిల్లా విస్తీర్ణం 7,742 చ.కి.మీ. అంటే నేలలో రెండూ దాదాపు సమానమే. కాని 2011లో పశ్చిమ గోదావరి జనాభా 39 లక్షలు. దీవుల జనాభా అందులో పదో వంతు కూడా లేదు. ఆ కొద్ది జనం కూడా 770 కి.మీ. పొడవునా చెదిరి ఉన్నారు.

పొరుగు దేశాల విషయం కూడా గమనించండి. అండమాన్‌కు ఉత్తరాన మయన్మార్‌కు చెందిన కోకో దీవులు ఉన్నాయి. దక్షిణపు కొన అయిన ఇందిరా పాయింట్ నుండి ఇండోనేషియాలోని సుమత్రా దీవి సుమారు 150 కి.మీ. మాత్రమే. భారత ప్రధాన భూభాగం కంటే పొరుగు దేశాలే వీటికి దగ్గర. ఇందిరా పాయింట్ దిగువన ఉన్న సముద్ర మార్గం గుండా మలక్కా జలసంధికి వెళ్ళే నౌకలు నిత్యం సాగుతుంటాయి. ఈ దీవుల చుట్టూ మన దేశానికి దక్కిన ప్రత్యేక ఆర్థిక మండలం సుమారు 6 లక్షల చ.కి.మీ. అంటే దేశం మొత్తానికి ఉన్న సముద్ర ఆర్థిక మండలంలో ఇది దాదాపు 30 శాతం. చిన్న నేలకు ఇంత ప్రాముఖ్యం ఎందుకో దీనిని బట్టి అర్థమవుతుంది. 2001లో సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మూడూ కలిసి పనిచేసే అండమాన్, నికోబార్ కమాండ్‌ను ఇక్కడ ఏర్పాటు చేశారు.

చేసి చూడండి: భారత ప్రామాణిక కాలాన్ని 82½° తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు. దీవుల రాజధాని సుమారు 92¾° తూర్పు రేఖాంశంపై ఉంది. తేడా 10¼°. ఒక డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కిస్తే 41 నిమిషాలు వస్తుంది. అందుకే అక్కడ సూర్యుడు త్వరగా ఉదయిస్తాడు. చలికాలంలో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది. గడియారం మాత్రం దేశమంతటా ఒకటే.

17.3 దీవులు ఎలా ఏర్పడ్డాయి?

మయన్మార్ పశ్చిమ భాగంలో అరకాన్ యోమా అనే పర్వత శ్రేణి ఉంది. ఆ శ్రేణి దక్షిణంగా సాగి సముద్రంలో మునిగిపోయింది. మునిగిన కొండల శిఖరాలు నీటిపైకి తేలి ఉన్నచోట అవి మనకు దీవులుగా కనిపిస్తున్నాయి. అందుచేత అండమాన్‌లో చదునైన నేల తక్కువ. ఎత్తుపల్లాల గుట్టలు, వాటి మధ్య ఇరుకైన లోయలే ఎక్కువ. ఉత్తర అండమాన్‌లోని శాడిల్ పీక్ 732 మీటర్ల ఎత్తుతో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం. గ్రేట్ నికోబార్‌లోని మౌంట్ థూలియర్ ఎత్తు 642 మీటర్లు. అన్ని దీవులూ ఇలాగే ఉంటాయని మాత్రం అనుకోకండి. కార్ నికోబార్ దాదాపు చదునుగా ఉన్న పగడపు దీవి.

భూమి పై పొర కొన్ని పెద్ద ఫలకాలుగా ఉంటుందని మీరు చదివారు. ఈ దీవుల దగ్గర భారత ఫలకం తూర్పువైపు ఉన్న ఫలకం కిందికి మెల్లగా చొచ్చుకుపోతోంది. ఈ కదలిక వల్ల ఇక్కడ భూకంపాలు తరచుగా వస్తాయి. అగ్నిపర్వతాలకు కూడా ఇదే కారణం. భారతదేశంలో నేటికీ రగులుతున్న ఏకైక అగ్నిపర్వతం బారెన్ దీవి. రాజధానికి ఈశాన్యంగా 135 కి.మీ.కు పైగా దూరంలో ఉన్న ఈ దీవిలో జనావాసం లేదు. దాదాపు ఒకటిన్నర శతాబ్దం నిద్రాణంగా ఉన్న ఈ పర్వతం 1991లో మళ్ళీ బద్దలైంది. దీనికి ఉత్తరాన ఉన్న నార్కొండం దీవి నిద్రాణమైన అగ్నిపర్వతం. బారాటాంగ్ దీవిలో బురదను ఎగజిమ్మే బురద అగ్నిపర్వతాలను చూడవచ్చు.

17.4 శీతోష్ణస్థితి, నీరు, అడవులు

భూమధ్యరేఖకు దగ్గరగా, చుట్టూ సముద్రం మధ్య ఉండటం వల్ల ఇక్కడ ఎండలు మండవు, చలి వణికించదు. ఏడాది పొడవునా ఉష్ణోగ్రత సుమారు 23 నుండి 31 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువ. నైరుతి ఋతుపవనాలు మే నెలలోనే ఇక్కడికి చేరుతాయి. తరువాత ఈశాన్య ఋతుపవనాల వల్ల కూడా వాన పడుతుంది. సగటు వర్షపాతం సుమారు 3,000 మి.మీ.

ఇంత వాన పడే చోట నీటికి కొరత ఉంటుందా అని మీకు సందేహం రావచ్చు. ఉంటుంది. కొండలు నిటారుగా ఉండటం వల్ల, దీవులు ఇరుకుగా ఉండటం వల్ల కురిసిన నీరు నిలవకుండా త్వరగా సముద్రంలో కలిసిపోతుంది. పెద్ద నదులు లేవు. ఉత్తర అండమాన్‌లోని కాల్పాంగ్, గ్రేట్ నికోబార్‌లోని గలాథియా చెప్పుకోదగినవి. రాజధాని నగరానికి ప్రధానంగా ధనిఖారి జలాశయం నీరిస్తుంది. వానలు ఆలస్యమైన ఏడు అక్కడ నీటిని రోజు మార్చి రోజు, ఒక్కోసారి మరింత ఎడంగా సరఫరా చేయవలసి వస్తుంది.

మొత్తం భూమిలో దాదాపు 86 శాతం అడవిగా నమోదయింది. సతతహరితారణ్యాలు, తీరం వెంట మడ అడవులు, తీరం అంచున నీటిలో పగడపు దిబ్బలు ఇక్కడి సంపద. మడ అడవులు 600 చ.కి.మీ.కు పైగా ఉన్నాయి. నార్కొండం హార్న్‌బిల్ అనే పక్షి ఆ ఒక్క దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. గ్రేట్ నికోబార్ తీరాలలో తోలువీపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి. కొబ్బరి, పోక, వరి ముఖ్యమైన పంటలు. చేపల వేట, పర్యాటకం, ప్రభుత్వోద్యోగం ఇతర జీవనాధారాలు. ఒకప్పుడు కలప ముఖ్యమైన ఆదాయం. చాథమ్ దీవిలోని రంపపు మిల్లును 1883లోనే నెలకొల్పారు. సహజంగా పెరిగిన అడవిని వ్యాపారం కోసం నరకడంపై సుప్రీంకోర్టు 2002లో కట్టుబాట్లు విధించిన తరువాత కలప పరిశ్రమ బాగా తగ్గింది.

పాఠ్యాంతర ప్రశ్నలు – 1
1. అండమాన్, నికోబార్ దీవులను వేరుచేసే సముద్ర భాగం ఏది?
2. భారతదేశంలో రగులుతున్న ఏకైక అగ్నిపర్వతం ఎక్కడ ఉంది?
3. వర్షపాతం ఎక్కువైనా దీవులలో నీటి కొరత ఎందుకు వస్తుంది?

17.5 ప్రజలు

ఇక్కడి ప్రజలను రెండు రకాలుగా చెప్పుకోవచ్చు. ఒకరు వేల ఏళ్ళుగా ఉన్న ఆదిమ తెగలవారు. రెండవవారు గత ఒకటిన్నర శతాబ్దంలో వచ్చి స్థిరపడినవారు.

అండమాన్‌లో గ్రేట్ అండమానీలు, ఓంగీలు, జారవాలు, సెంటినెలీలు అనే నాలుగు తెగలు ఉన్నాయి. వేట, చేపలు పట్టడం, అడవిలో తేనె, దుంపలు సేకరించడం వీరి సంప్రదాయ జీవనం. నికోబార్‌లో నికోబారీలు, షాంపెన్‌లు ఉన్నారు. షాంపెన్‌లు గ్రేట్ నికోబార్ అడవుల లోపల నివసిస్తారు. వీరందరిలో సంఖ్యలో పెద్దవారు నికోబారీలు, సుమారు 27 వేలమంది. మిగిలిన అయిదు తెగలనూ ప్రభుత్వం ప్రత్యేకంగా దుర్బలమైన తెగలుగా గుర్తించింది.

దుర్బలం అనే మాటకు అర్థం ఈ లెక్కలలో కనిపిస్తుంది. గ్రేట్ అండమానీలు 1858లో వేల సంఖ్యలో ఉండేవారు. 1901 జనాభా లెక్కలలో 625 మంది మిగిలారు. 1961 నాటికి 19 మంది. వారి అడవులు పోవడమే కాక, బయటివారి నుండి సోకిన తట్టు, సిఫిలిస్ వంటి రోగాలకు వారి శరీరాలలో ఎదురునిలిచే శక్తి లేకపోయింది. 2011లో వారి సంఖ్య 44. ఆ తెగ నిలిచింది గాని, దాని భాషలు దాదాపు మాసిపోయాయి.

స్థిరపడినవారిలో శిక్ష పడి వచ్చిన ఖైదీల సంతతివారు, 1949 నుండి పునరావాసం పొందిన తూర్పు బెంగాల్ కాందిశీకులు, రాంచీ ప్రాంతపు కూలీలు, బర్మా నుండి వచ్చిన కారెన్‌లు, తమిళులు, మలయాళీలు, తెలుగువారు ఉన్నారు. 2011 లెక్కల ప్రకారం నూటికి సుమారు 28 మందికి బెంగాలీ మాతృభాష. తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు 13 మంది. వారిలో ఉత్తరాంధ్ర తీరం నుండి చేపల వేటకు, కూలిపనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇన్ని భాషలవారు కలిసి ఉండే చోట అందరినీ కలిపే వ్యవహార భాష హిందీ.

17.6 పాలన పెరిగిన తీరు

1789లో బ్రిటిష్ వారు లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ద్వారా దక్షిణ అండమాన్‌లో ఒక వలస స్థావరం ఏర్పాటు చేశారు. రోగాల వల్ల 1796లో దానిని వదిలేశారు. 1857 తిరుగుబాటు తరువాత ఖైదీలను దూరంగా ఉంచడానికి 1858లో మళ్ళీ ఇక్కడికే వచ్చారు. ఆ విధంగా ఈ దీవులలో ఆధునిక పాలన జైలుతోనే మొదలైంది. 1896లో ప్రారంభించి 1906లో పూర్తి చేసిన సెల్యులార్ జైలుకు ఏడు విభాగాలు, ఒక్కొక్క ఖైదీకి ఒక్కొక్క కొట్టు ఉండేవి. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922–24లో జరిగిన మన్యం తిరుగుబాటులో పాల్గొన్నవారిలో కొందరిని కూడా అండమాన్‌కు పంపారు.

నికోబార్ దీవుల చరిత్ర వేరు. 1756 నుండి అవి డెన్మార్క్ ఆధీనంలో ఉండేవి. 1868లో డేన్‌లు వాటిపై హక్కును బ్రిటిష్ వారికి అమ్మారు. 1869లో బ్రిటిష్ వారు వాటిని స్వాధీనం చేసుకున్నారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో 1942 మార్చిలో జపాన్ ఈ దీవులను ఆక్రమించింది. 1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ ఇక్కడ జాతీయ పతాకాన్ని ఎగురవేశారు. అదే కాలంలో అనేకమంది స్థానికులు జపాన్ సైనికుల చేతిలో చిత్రహింసలకు, మరణానికి గురయ్యారు. 1945 అక్టోబరులో దీవులు మళ్ళీ బ్రిటిష్ వారి చేతికి వచ్చాయి. స్వాతంత్ర్యానంతరం 1956 నవంబరు 1న కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి.

పేర్లు కూడా మారాయి. 2018లో హేవ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు. రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మారుస్తున్నట్లు 2024 సెప్టెంబరులో కేంద్రం ప్రకటించింది.

17.7 నేటి పరిపాలన

రాజ్యాంగంలోని 239వ అధికరణం ప్రకారం కేంద్రపాలిత ప్రాంతాన్ని రాష్ట్రపతి తాను నియమించిన పాలకుని ద్వారా పరిపాలిస్తారు. ఈ దీవులలో 1982 వరకు ఆ పాలకుణ్ణి చీఫ్ కమిషనర్ అనేవారు. అప్పటి నుండి లెఫ్టినెంట్ గవర్నర్ అంటున్నారు. ఢిల్లీకి, పుదుచ్చేరికి ఉన్నట్లు ఇక్కడ శాసనసభ, ముఖ్యమంత్రి లేరు. మరి చట్టాలు ఎవరు చేస్తారు? పార్లమెంటు చేస్తుంది. అంతేకాక 240వ అధికరణం ప్రకారం ఈ దీవుల శాంతి, ప్రగతి, సుపరిపాలనల కోసం రాష్ట్రపతి రెగ్యులేషన్లు జారీ చేయవచ్చు. వాటికి పార్లమెంటు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. ఖర్చులో అధిక భాగం కేంద్ర నిధుల నుండే వస్తుంది.

జిల్లాలు మూడు. జిల్లా అధికారిని డిప్యూటీ కమిషనర్ అంటారు.

• దక్షిణ అండమాన్: 2,672 చ.కి.మీ.; జనాభా 2,38,142; కేంద్రం శ్రీ విజయపురం.
• ఉత్తర, మధ్య అండమాన్: 3,736 చ.కి.మీ.; జనాభా 1,05,597; కేంద్రం మాయాబందర్. 2006లో ఏర్పడింది.
• నికోబార్: 1,841 చ.కి.మీ.; జనాభా 36,842; కేంద్రం కార్ నికోబార్. 1974లో ఏర్పడింది.

(జనాభా 2011 లెక్కల ప్రకారం.)

ప్రజల మాట ప్రభుత్వానికి చేరే దారులు మూడు ఉన్నాయి. మొదటిది లోక్‌సభ. మొత్తం దీవులకు ఒకే సభ్యుడు. 1967కు ముందు ఆ సభ్యుణ్ణి కూడా రాష్ట్రపతే నామినేట్ చేసేవారు. 1967 నుండి ప్రజలు ఎన్నుకుంటున్నారు. 2024 ఎన్నికలలో షాంపెన్‌లలో కొందరు మొదటిసారి ఓటు వేశారు. రాజ్యసభలో ఈ ప్రాంతానికి స్థానం లేదు. రెండవది స్థానిక సంస్థలు. 1994 రెగ్యులేషన్ ప్రకారం అండమాన్‌లోని రెండు జిల్లాలలో మూడంచెల పంచాయతీలు ఉన్నాయి. రాజధానికి పురపాలక మండలి ఉంది. మూడవది నికోబార్‌లోని గిరిజన మండళ్ళు. అక్కడ గ్రామానికి కెప్టెన్ అనే పెద్ద ఉంటాడు. గ్రామ, దీవి స్థాయి మండళ్ళకు 2009 రెగ్యులేషన్ చట్టబద్ధత కల్పించింది. న్యాయ విషయాలలో ఈ దీవులు కలకత్తా హైకోర్టు పరిధిలోకి వస్తాయి. ఆ కోర్టు సంచార ధర్మాసనం శ్రీ విజయపురంలో పనిచేస్తుంది.

ఆదిమ తెగల రక్షణకు 1956లోనే ప్రత్యేక రెగ్యులేషన్ జారీ చేశారు. దీని ప్రకారం పాలకుడు కొన్ని ప్రాంతాలను రిజర్వులుగా ప్రకటిస్తాడు. అనుమతి లేకుండా బయటివారు అక్కడికి వెళ్ళరాదు, భూమి పొందరాదు, వ్యాపారం చేయరాదు. 2012లో శిక్షలను కఠినం చేశారు. ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్ళడం పూర్తిగా నిషిద్ధం. అక్కడివారు బయటివారిని కోరుకోవడం లేదు. వారికి రోగాలు సోకకుండా దూరం నుండి కనిపెట్టి ఉండటమే ప్రభుత్వ విధానం.

చట్టం కాగితం మీద ఉండటం వేరు, అమలు కావడం వేరు. దక్షిణ అండమాన్‌ను ఉత్తరంతో కలిపే అండమాన్ ట్రంక్ రోడ్డు జారవాల రిజర్వు గుండా పోతుంది. రిజర్వులో ఉన్న భాగాన్ని మూసివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తరువాత కూడా నిర్ణీత వేళలలో పోలీసు కాపలాతో వాహనాలు వరుసగా వెళుతూనే వచ్చాయి. ఉత్తర దీవుల రైతులకు, రోగులకు ఆ రోడ్డు అవసరమని కొందరి వాదన. ఆ రోడ్డు మీదుగానే రోగాలు, మత్తుపదార్థాలు, వినోదం కోసం చూసే కళ్ళు జారవాలను చేరుతున్నాయని మరికొందరి వాదన.

రాకపోకల విషయం. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుండి ప్రయాణికుల ఓడలు నడుస్తాయి. సముద్రంలో రెండు రోజులకు పైగా పడుతుంది. దీవుల మధ్య ప్రభుత్వ ఓడలు, హెలికాప్టర్లు ఉన్నాయి. 2020 ఆగస్టులో చెన్నై నుండి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక టెలిఫోను, ఇంటర్నెట్ సౌకర్యం మెరుగుపడింది.

పాఠ్యాంతర ప్రశ్నలు – 2
4. ఈ దీవులకు రాష్ట్రపతి రెగ్యులేషన్లు జారీ చేసే అధికారం ఏ అధికరణం వల్ల కలిగింది?
5. దీవుల నుండి లోక్‌సభకు ఎందరు సభ్యులు? ఎన్నిక ఎప్పుడు మొదలైంది?
6. పంచాయతీలకు బదులు గిరిజన మండళ్ళు ఏ జిల్లాలో ఉన్నాయి?

17.8 సునామీ: పాలనకు ఒక పరీక్ష

2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా తీరం దగ్గర వచ్చిన మహా భూకంపం ఈ దీవుల రూపాన్నే మార్చింది. ఉత్తర అండమాన్ తీరం సుమారు ఒక మీటరు పైకి లేచింది. పగడపు దిబ్బలు నీటి పైకి వచ్చి చనిపోయాయి. దక్షిణాన నికోబార్ నేల కుంగిపోయింది. ఇందిరా పాయింట్ దాదాపు 4 మీటర్లు కుంగి, ఒడ్డున ఉన్న దీపస్తంభం సముద్రంలో నిలిచింది. వెంటనే వచ్చిన అలలు కార్ నికోబార్, కచాల్, గ్రేట్ నికోబార్ తీర గ్రామాలను తుడిచిపెట్టాయి. కొన్ని చిన్న దీవులను ప్రజలు వదిలి వెళ్ళారు. ట్రింకెట్ దీవివారు కమోర్టాకు తరలి వెళ్ళారు. నికోబార్ జనాభా 2001లో 42,068. 2011లో 36,842. దేశంలో జనాభా పెరుగుతున్న కాలంలో ఇక్కడ అయిదు వేలకు పైగా తగ్గింది.

లిటిల్ అండమాన్‌లోని ఓంగీలు సముద్రం వెనక్కి తగ్గడం చూసి ఎత్తయిన అడవిలోకి వెళ్ళి బతికారు. చదువుకున్న మనం దీని నుండి నేర్చుకోవలసింది ఉంది.

సహాయ కార్యక్రమాలలో మరొక పాఠం ఉంది. నికోబారీలలో తుహెట్ అనే పెద్ద ఉమ్మడి కుటుంబం ఉంటుంది. కొబ్బరితోటలు, పందులు, భూమి ఆ తుహెట్‌కు చెందుతాయి. పెద్దలు పనిని, ఫలాన్ని అందరికీ పంచుతారు. సునామీ తరువాత ప్రభుత్వం మిగతా దేశంలో చేసినట్లే భార్య, భర్త, పిల్లలను ఒక కుటుంబంగా లెక్కించి పరిహారం, ఇళ్ళు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కాని డబ్బు విడివిడిగా చేతికి రావడంతో ఉమ్మడి కట్టు సడలిందని అక్కడ పనిచేసిన పరిశోధకులు రాశారు. తీరంలో ఆకులు, కర్రలతో గుండ్రటి ఇళ్ళు కట్టుకునే అలవాటున్నవారు ఏళ్ళ తరబడి రేకుల గుడారాలలో ఉక్కపోతతో గడిపారు. సహాయం ఎంత ఇచ్చామన్నది ఒక్కటే చాలదు. అది పుచ్చుకునేవారి జీవన విధానానికి సరిపోయిందా అన్నది కూడా చూడాలి.

17.9 గ్రేట్ నికోబార్: ఎవరి మాట వినాలి?

గ్రేట్ నికోబార్ అన్నిటికంటే దక్షిణాన ఉన్న పెద్ద దీవి. 1989లో దీనిలో జీవావరణ రిజర్వును ప్రకటించారు. 2013లో యునెస్కో దానిని తన జాబితాలో చేర్చుకుంది. ఈ దీవిలోని గలాథియా అఖాతం దగ్గర పెద్ద ఓడరేవు, దానితోపాటు విమానాశ్రయం, పట్టణం, విద్యుత్ కేంద్రం నిర్మించే ప్రణాళికకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. దీనికోసం సుమారు 130 చ.కి.మీ. అడవిని మళ్ళించవలసి ఉంటుంది.

అనుకూలంగా చెప్పేవారి మాట ఇది: ప్రపంచ నౌకా మార్గం పక్కనే మన నేల ఉంది. మన సరుకులు ఇప్పుడు విదేశీ రేవులలో ఓడలు మారుతున్నాయి. రేవు కడితే ఆదాయం, ఉద్యోగాలు వస్తాయి. దేశ రక్షణకు బలం చేకూరుతుంది. దూరం వల్ల వెనుకబడిన దీవికి ఆస్పత్రి, కాలేజీ దగ్గరవుతాయి.

వ్యతిరేకించేవారి మాట ఇది: నరికిన సతతహరితారణ్యానికి మరెక్కడో నాటిన మొక్కలు సాటిరావు. గలాథియా తీరం తోలువీపు తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు. భూకంపాలకు కుంగిన నేల ఇది. షాంపెన్‌లు కొన్ని వందలమంది మాత్రమే. వేలమంది బయటివారు వస్తే గ్రేట్ అండమానీలకు జరిగినదే వీరికీ జరగవచ్చు.

ఇక అక్కడివారి మాట. లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి 2022 ఆగస్టులో నిరభ్యంతర పత్రం ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో దానిని వెనక్కి తీసుకుంది. సునామీకి ముందు తమవారు నివసించిన గ్రామాల భూములు కూడా ప్రణాళికలో ఉన్నాయని తమకు సరిగా తెలియజేయలేదని మండలి చెప్పింది. సునామీ తరువాత వారిని క్యాంప్‌బెల్ బే దగ్గరి పునరావాస గ్రామాలకు తరలించారు. ఏనాటికైనా పాత ఊళ్ళకు తిరిగి వెళ్ళాలన్నది వారి కోరిక. ప్రభుత్వ దృష్టిలో అవి ఖాళీ భూములు. వారి దృష్టిలో అవి తాతల ఊళ్ళు.

ఇప్పుడు పాఠం మొదట్లో చెప్పిన విషయానికి వద్దాం. ఒక రాష్ట్రంలో ఇలాంటి ప్రణాళిక వస్తే శాసనసభలో చర్చ జరుగుతుంది, ఆ ప్రాంతపు ఎమ్మెల్యే నిలదీస్తాడు. ఇక్కడ శాసనసభ లేదు. నాలుగు లక్షల కంటే తక్కువ జనానికి శాసనసభ ఖర్చు ఎక్కువని కొందరు అంటారు. అందువల్లనే గిరిజన మండలి, గ్రామ కెప్టెన్, ఒకే ఒక్క ఎంపీ, కోర్టు – ఈ కొద్ది ద్వారాలకు మామూలు కంటే ఎక్కువ విలువ ఉంది. అవి తెరిచి ఉండటం, అక్కడ చెప్పిన మాటను రాసుకోవడమే కాక వినడం సుపరిపాలనకు గుర్తు. అక్షరం రాని షాంపెన్‌కు సంతకం చేసే శక్తి లేకపోవచ్చు. ఆ అడవిపై అతని హక్కు మాత్రం సంతకం మీద ఆధారపడినది కాదు.

17.10 సారాంశం

• అండమాన్, నికోబార్ దీవులు మునిగిన పర్వత శ్రేణి శిఖరాలు. విస్తీర్ణం 8,249 చ.కి.మీ., జనాభా 3.8 లక్షలు (2011).
• ఫలకాల కదలిక వల్ల భూకంపాలు, అగ్నిపర్వతాలు ఉన్నాయి. 2004 సునామీ నికోబార్‌ను తీవ్రంగా దెబ్బతీసింది.
• ఆరు ఆదిమ తెగలు ఉన్నాయి. స్థిరపడినవారిలో బెంగాలీలు, తమిళులు, తెలుగువారు ముఖ్యులు.
• శాసనసభ లేదు. రాష్ట్రపతి తరఫున లెఫ్టినెంట్ గవర్నర్ పాలిస్తారు. జిల్లాలు మూడు, లోక్‌సభ సభ్యుడు ఒకరు.
• 1956 రెగ్యులేషన్ ఆదిమ తెగలకు రక్షణ కల్పిస్తుంది. అభివృద్ధి ప్రణాళికలలో వారి మాట వినడం ఇక్కడి పాలనలో ముఖ్య సమస్య.

17.11 అభ్యాస ప్రశ్నలు

1. దీవుల భౌగోళిక స్వరూపం వాటి పరిపాలనపై చూపే ప్రభావాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. గ్రేట్ అండమానీల సంఖ్య తగ్గడానికి కారణాలు రాయండి. దాని నుండి ప్రభుత్వం నేర్చుకోవలసినది ఏమిటి?
3. సునామీ సహాయంలో కుటుంబం అనే మాటకు ఇచ్చిన అర్థం నికోబారీలపై ఎలాంటి ప్రభావం చూపింది?
4. గ్రేట్ నికోబార్ ప్రణాళికపై రెండు వైపుల వాదనలు రాసి, మీ అభిప్రాయాన్ని కారణాలతో తెలపండి.
5. భారతదేశ పటంలో ఇందిరా పాయింట్, కార్ నికోబార్, పది డిగ్రీల చానల్, బారెన్ దీవి, మాయాబందర్‌లను గుర్తించండి.

17.12 పాఠ్యాంతర ప్రశ్నలకు జవాబులు

1. పది డిగ్రీల చానల్.
2. బారెన్ దీవిలో.
3. కొండలు నిటారుగా, దీవులు ఇరుకుగా ఉండటం వల్ల వాననీరు నిలవకుండా సముద్రంలో కలుస్తుంది.
4. 240వ అధికరణం.
5. ఒక్కరు, 1967లో.
6. నికోబార్ జిల్లాలో.